'సెటిల్మెంటు' అనే మాట – దాని వర్గస్వభావం

తెలుగులో 'సెటిల్మెంటు' అనే మాట ఎట్లా చెడిపోయిందో చెప్పడానికి రాయలసీమను బోనెక్కించడం యీ మధ్య మన విమర్శకులలో కొందరికి పరిపాటి అయింది. వారి వాదం క్లుప్తంగా యిది: ఇంగ్లీషులో ఆ మాటకు పరిష్కారమనీ, ఒడంబడిక అనీ, స్థిరనివాసమనీ గౌరవప్రదమైన అర్థాలున్నాయి. అటువంటి మాట సీమకు వచ్చి, పెద్దమనిషి యింటి అరుగెక్కి, ఒకరి పొలాన్ని మరొకరికి రాయించి నడుమ తన వాటా మింగే దౌర్జన్యానికి పేరైపోయింది. ఆ నేలే అటువంటిది. అక్కడ ఏ విత్తు వేసినా ముళ్లే మొలుస్తాయి. ఒక సాహిత్యసభలో యీ ఉపన్యాసాన్ని నేను ఆసాంతం విన్నాను. వక్త చూపిన ఆధారాలు రెండు: 1999లో వచ్చిన 'సమరసింహారెడ్డి', 2002లో వచ్చిన 'ఇంద్ర'. గాలిలోకి ఎగిరిపడే సుమో కార్లను చూసి ఒక ప్రాంతపు భాషాచరిత్రను రాయగలగడం అసామాన్యమైన ప్రతిభే.

ఈ వాదం వట్టి తప్పు మాత్రమే కాదు, తలకిందులు. మాట సీమకు వచ్చిన తరువాత చెడిపోలేదు. అది రావడమే భూమి కొలిచే గొలుసుతో, శిస్తు కట్టని రైతు ఎడ్లను తోలుకుపోయే బంట్రోతుతో కలిసి వచ్చింది. సీమ జనం దానికి కొత్త అర్థమేదీ కల్పించలేదు. పాత అర్థాన్ని మరిచిపోలేదు, అంతే.

మొదట ఇంగ్లీషు సంగతి చూద్దాం. ప్రాచీన ఆంగ్లంలో కూర్చునే పీటకు 'సెట్ల్' అని పేరు. కూర్చోబెట్టడం, కదలకుండా చెయ్యడం దాని నుంచి పుట్టిన క్రియకు తొలి అర్థం. మన 'కుదురు' కూడా యిటువంటిదే. అడుగు గుండ్రంగా వున్న కడవ దొర్లిపోకుండా కింద పెట్టే చుట్టను కుదురు అంటాం. కుదురుకోవడం, కుదరడం, కుదర్చడం ఆ కుటుంబంలోవే. ఇంతవరకు మాట అమాయకమైనదే. అయితే కడవ తనంతట తాను కుదురు మీదికి ఎక్కదు. ఎవరో ఎత్తి పెట్టాలి. ఆ పెట్టే చెయ్యి ఎవరిదో చెప్పకుండా, కడవ మాత్రం కుదురుకున్నదని చెప్పడానికి వీలిచ్చే నామవాచకమే సెటిల్మెంటు. దాని మహిమ అంతా అక్కడే వుంది.

ఆ చెయ్యి ఎవరిదో ఇంగ్లీషు చట్టాలే చెబుతాయి. 1652లో ఐర్లండు సెటిల్మెంటు చట్టం వచ్చింది. క్రాంవెల్ సైన్యం ఓడించిన కాథలిక్కు భూస్వాముల భూములను లాక్కుని, వారిని పడమటి కొనాట్ ప్రాంతానికి తరిమివేయడానికి దారితీసిన చట్టమది. పదేళ్లకు, 1662లో, ఇంగ్లండులోనే పేదల సెటిల్మెంటు చట్టం వచ్చింది. పని వెతుక్కుంటూ మరో పారిష్‌కు వచ్చిన కూలివాడు ఏటికి పది పౌన్ల అద్దె కట్టగలిగిన యింట్లో లేకపోతే, నలభై రోజుల లోపల ఫిర్యాదు చేసి అతన్ని సొంత పారిష్‌కు తోలివేయవచ్చు. అతనికి 'సెటిల్మెంటు' వున్న వూరు అది. అక్కడే పడి వుండాలి. ఒకే పదేళ్లలో, ఒకే మాటతో, ఐరిష్ కాథలిక్కును వున్నచోటి నుంచి లేవగొట్టారు, ఇంగ్లీషు కూలివాణ్ణి వున్నచోటనే కట్టివేశారు. రెండు పనులూ విరుద్ధంగా కనిపిస్తాయి. చేసిన వర్గం ఒకటే గనుక మాటా ఒకటే అయింది. 1793లో కార్న్‌వాలిస్ బెంగాలులో చేసిన శాశ్వత సెటిల్మెంటు గురించి మన విద్యార్థులు పరీక్షల కోసమైనా చదువుతారు గనక విస్తరించను. 1802 నుంచి అది మన ఉత్తర సర్కారులకూ వచ్చి, వసూలుదార్లను భూయజమానులుగా కూర్చోబెట్టింది.

సీమకు వద్దాం. 1800 అక్టోబరులో నిజాం తన రక్షణకు వుంచుకున్న కుంపిణీ సైన్యం ఖర్చు కింద బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలనూ కర్నూలులో కొంత భాగాన్నీ ఇంగ్లీషువారికి వదిలేశాడు. ఎవరి అప్పు ఎవరి నేలతో తీరిందో చూడండి. ఆ వ్యవహారం పేరే మనకు 'దత్తమండలాలు' అయింది. 1928లో నంద్యాల సభలో 'రాయలసీమ' అని పేరు మార్చుకునే దాకా మనం దానమిచ్చిన వస్తువుగానే బతికాం. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా వూరూరూ తిరిగి, దాదాపు ఎనభైమంది పాలెగాళ్లను అణచి, పొలం పొలం కొలిపించి, రైతు పేరున శిస్తు కట్టాడు. రైత్వారీ సెటిల్మెంటు అని పుస్తకాలలో రాసుకున్నది యిదే. అయితే యీ సెటిల్మెంటు ఏడాదికొకసారి జరిగేది! జమాబందీ వచ్చినప్పుడల్లా రైతు మళ్లీ కచేరీ ముందు నిలబడాలి. ఏటేటా తేల్చవలసిన వ్యవహారానికి 'తేలిపోయింది' అని అర్థమిచ్చే పేరు పెట్టడంలోని హాస్యం దొరలకు తట్టినట్లు లేదు. శిస్తు మొత్తం పంటలో నూటికి నలభై అయిదు వంతుల దాకా వుండేదని మన్రో లెక్కే చెబుతుంది. అతడు మంచి దొర, సీమ రైతులు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు కదా అని ఎవరైనా అడగవచ్చు. కాదనను. జమీందారీని అతడు వ్యతిరేకించాడు. 1807లో శిస్తును నాలుగో వంతు తగ్గించాలని సిఫారసు కూడా చేశాడు. పైవారు ఆ సిఫారసును పక్కన పెట్టి, వూళ్లను గుత్తకిచ్చే పద్ధతి తెచ్చారు. 1820లో తాను మద్రాసు గవర్నరైన తరువాతగాని రైత్వారీని తగ్గింపులతో తిరిగి నిలపలేకపోయాడు. 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. దొర మంచితనం మీద ఆధారపడిన తగ్గింపు దొరతోపాటు వస్తుంది, పోతుంది. వ్యవస్థ మంచిదా కాదా అన్నది వేరే ప్రశ్న.

మంత్రాలయంలో మన్రో కథ వినని వారుండరు. 1671లో రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశం చేసిన మంచాల గ్రామం ఆదోని పాలకుడు సిద్ది మసూద్ ఖాన్ యిచ్చిన దానమని మఠ సంప్రదాయం. కుంపిణీ దొరతనం రాగానే ఆ యినామును కొనసాగించాలా, సర్కారులో కలుపుకోవాలా అన్న ప్రశ్న వచ్చిందట. విచారణకు వచ్చిన మన్రో బూట్లు విప్పి లోపలికి వెళితే, స్వామి అతనికొక్కడికే కనిపించి మాట్లాడాడట; యినాము నిలిచిందట. నిజానిజాల విచారణ నాకు అక్కరలేదు. భక్తుల విశ్వాసం భక్తులది. భాష చదువుకున్నవాడిగా నన్ను ఆకర్షించేది ఆ సంభాషణలోని విషయం. స్వామీ దొరా మాట్లాడుకున్నది మోక్షాన్ని గురించి కాదు, ద్వైతాన్ని గురించి కాదు. భూమిని గురించి, శిస్తును గురించి. అంటే యీ ప్రాంతపు జనస్మృతిలో తెల్లదొరతనం మొదట గుడి గడప దగ్గర నిలబడింది సెటిల్మెంటు అధికారి రూపంలో. పైగా ఆ కథ జనానికి ఎంతో నచ్చింది. ఎందుకు నచ్చదు? ఒక వూరి తరఫున స్వామి మాట్లాడాడు. పక్కనున్న కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు రైతుల తరఫున మాట్లాడడానికి ఏ బృందావనంలో నుంచీ ఎవరూ లేచి రాలేదు. వారికి గొలుసు వచ్చింది, కరణం లెక్క వచ్చింది.

కరణం లెక్క అనే చోట కాస్త ఆగాలి. సెటిల్మెంటు దొర వూరు విడిచి పోయినా, సెటిల్మెంటు మాత్రం వూళ్లోనే వుండిపోయింది. లెక్క కరణం దగ్గర, వసూలు రెడ్డి దగ్గర. ఎవరి పొలం హద్దు ఎక్కడిదో, ఎవరు బాకీదారో, ఎవరి పేరు అడంగల్లో వుందో చెప్పగలిగినవాళ్లు వాళ్లిద్దరే. 1984లో వంశపారంపర్య మునసబు, కరణాల పదవులు రద్దయ్యాయి. పదవి పోయినంత మాత్రాన పలుకుబడి పోలేదు. ఇవాళ పల్లెలో పెద్దమనిషి అరుగు మీద జరిగేదాన్ని జనం 'సెటిల్మెంటు' అంటున్నారంటే, వారు మాటను అపభ్రంశం చెయ్యడం లేదు. ఒకప్పుడు చావడిలో సర్కారు పేరున జరిగిన పని యిప్పుడు సొంత ఖాతాలో జరుగుతున్నదని ఖచ్చితంగా చెబుతున్నారు. ఇంతకంటె మంచి చారిత్రక భాషాశాస్త్రం ఏ విశ్వవిద్యాలయంలో దొరుకుతుంది? సందర్భం వచ్చింది గనక మరొకటి: ఉత్తరాదిలో భూమి సెటిల్మెంటుకు 'బందోబస్తు' అని పేరు. మనకు బందోబస్తు అంటే పోలీసు కాపలా. రెండు భాషలూ కలిపి చదివితే అర్థం పూర్తి అవుతుంది.

ఈ మాటకు మన దేశంలో మరొక అర్థం వుంది. దాన్ని సినిమా విమర్శకులు పూర్తిగా మరిచారు. 1871 నాటి నేరజాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి విస్తరించిన తరువాత, ఎరుకల మొదలైన సంచారజాతులను బంధించి వుంచిన శిబిరాలకు పెట్టిన పేరు కూడా సెటిల్మెంటే. 1913లో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టూవర్టుపురం ఏర్పడింది. అప్పటి కర్నూలు జిల్లాలో సిద్ధాపురం యిటువంటిదే. ఎరుకలవారు తరతరాలుగా ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పూ ధాన్యమూ మోసి, కోస్తా సరుకును మెట్టప్రాంతాలకు చేర్చిన వర్తకులు. సర్కారు ఉప్పు చట్టాలూ రైళ్లూ ఆ వర్తకాన్ని చంపివేశాయి. బతుకుతెరువు పోగొట్టి, తిరుగుతున్నారు గనక దొంగలన్నారు. దొంగలన్నారు గనక కూర్చోబెట్టారు. రోజూ హాజరు పలకాలి, బయటికి పోతే చీటీ వుండాలి. స్టూవర్టుపురం వారు చీరాల పొగాకు కంపెనీకి చౌకకూలీలయ్యారు. మీనా రాధాకృష్ణ యీ చరిత్రను వివరంగా పరిశోధించి పుస్తకం రాశారు. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయింది. చట్టం పోయినా మన కథలలో, సినిమాలలో, పత్రికలలో 'స్టూవర్టుపురం దొంగ' పోలేదు. పీట మీద కూర్చోబెట్టడమనే తొలి అర్థం యిక్కడ ఎంత అక్షరాలా అమలయిందో చూడండి.

మూడో అర్థం తుంగభద్ర ఆవలి గట్టున వుంది. 1953లో డ్యాము పూర్తయి కాలువలు పారగానే కోస్తా నుంచి పెట్టుబడీ వరి సాగు అనుభవమూ వున్న రైతులు సింధనూరు, గంగావతి ప్రాంతాలకు వచ్చి భూములు కొన్నారు. వారి వూళ్లను అక్కడ 'క్యాంపు' అంటారు. మనుషులను 'సెట్లర్లు' అంటారు. నిజాంసాగరు కింద కూడా యిటువంటి వూళ్లున్నాయి. వారిని నిందించడం నా వుద్దేశం కాదు, వారిలో చాలామంది తమ చేతులతో సేద్యం చేసినవారే. నేనడిగేది ఒకటే. ఏడు దశాబ్దాలైనా నీళ్ల కింద స్థిరపడినవాడు సెట్లరూ అతని వూరు సెటిల్మెంటూ అవుతున్నది. మరి దిగువకాలువ చివర నీళ్లందక, ఏటేటా మంత్రాలయం రోడ్డు స్టేషనులో, లారీలలో, పిల్లలను వెంటబెట్టుకుని గుంటూరు మిరపచేలకు పోయే కోసిగి కూలివాడికి ఏ పేరు? అతని ప్రయాణానికి మన వైపు పేరు 'సుగ్గి'. కన్నడంలో సుగ్గి అంటే పంటకాలం, పండుగ. నది ఆ గట్టున పండుగైన మాట యీ గట్టున వలస అయింది. పిల్లల బడి ఆ నాలుగైదు నెలలూ మూతపడినట్లే. కోస్తా రైతు ఇటు వస్తే స్థిరనివాసం, సీమ కూలి అటు పోతే వలస. మాటల పంపకం కూడా భూముల పంపకం లాగే జరిగింది.

ఇన్నిటికీ చివర మా విద్యార్థుల 'సెటిల్మెంటు' వుంది. "డిగ్రీ అయిపోతే యాడన్నా సెటిల్ గావల్ల సార్" అని వాళ్లంటారు. ఆ యాడనో బెంగుళూరు. సీమలో సెటిల్ అవుతానని యిన్నేళ్లలో ఒక్కరూ నాతో అనలేదు. పెళ్లి సెటిల్ కావడం మరొకటి. అందులో ఆడపిల్ల కర్త కాదు, కర్మ. రిజిస్ట్రారు కచేరీకి వెళితే యింకొకటి కనిపిస్తుంది. కొడుకు పేర రాసేది సెటిల్మెంటు దస్తావేజు, కూతురి చేత రాయించేది హక్కు విడుదల దస్తావేజు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే వుంది, 2005 నుంచి దేశమంతటా వుంది. అయినా పుట్టింటి పసుపుకుంకుమల మాట చెప్పి వేలిముద్ర వేయించుకునే పెద్దమనుషులకు కొదవ లేదు. 'పెద్దమనుషులు' అన్నాను గనక 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికనూ, 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందాన్నీ గుర్తుచేయక తప్పదు. రాజకీయాలలో మన సెటిల్మెంట్లు అవి. సీమకు నీళ్లు ముందు అన్న షరతు కాగితం మీద యిప్పటికీ భద్రంగా వుంది.

ఇక రెండో వైపు నుంచి వచ్చే శుద్ధభాషావాదులకు జవాబు చెప్పాలి. వీరు సెటిల్మెంటును తీసివేసి 'పరిష్కారం' అనమంటారు. పత్రికలు కూడా భూతగాదా అయినా, దళితుని మీద జరిగిన దాడి కేసులో బలవంతపు రాజీ అయినా, పాలస్తీనా భూముల వ్యవహారమైనా పరిష్కారం అనే సబ్బుతో కడుగుతున్నాయి. ఇది భాషాభిమానం కాదు, మసిబూసి మారేడుకాయ చెయ్యడం. కడప నుంచి 'సంవేదన' నడిపిన రా.రా., 'అనువాద సమస్యలు' రాసిన రా.రా., వుండి వుంటే యీ అనువాదాన్ని వదిలిపెట్టేవాడు కాదు. సంస్కృతపు మాట తొడిగినంత మాత్రాన దౌర్జన్యం న్యాయం కాదు. తెలుగులో అసలైన మాట 'తీరు'. దాని సంతానాన్ని చూడండి: ఆకలి తీరుతుంది, అప్పు తీరుతుంది, తగాదా తీరుతుంది, తీర్పు వుంది, తీర్మానం వుంది, నీటితీరువ, భూమితీరువ అని పన్నుకూ అదే పేరు. తెలుగు రైతు భాషలో ఏది తీరిందో చెప్పకుండా 'తీరింది' అనడం కుదరదు. ఆకలా, అప్పా, తగాదా? ఎవరిది? ఇంగ్లీషు నామవాచకం దాచిపెట్టే ప్రశ్నను మన క్రియ అడిగి తీరుతుంది.

మాటకు పుట్టుకతోనే శాపం వున్నదని నేననడం లేదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం సెటిల్మెంటును నిర్వచించింది. యజమాని ఒక పక్క, సంఘటితులైన కార్మికులు ఒక పక్క కూర్చుని, మాట్లాడుకుని, సంతకాలు చేసుకున్నది అక్కడ సెటిల్మెంటు. పైనుంచి ట్రిబ్యునలు యిచ్చినది అవార్డు. ఏ మిల్లు కార్మికుణ్ణయినా అడగండి, సెటిల్మెంటు తెచ్చుకున్నాం అని గర్వంగా చెబుతాడు. 'తెచ్చుకున్నాం' అన్న క్రియను గమనించాలి. మన పల్లెలో అదే మాటకు 'చేశారు' అనే క్రియ తగులుతుంది: మాకు సెటిల్మెంటు చేశారు. సంఘం వున్నచోట కర్త మనమవుతాం, లేనిచోట వాళ్లవుతారు. సీమకూ, వేటకొడవలికీ, ఎర్రమట్టికీ యిందులో ప్రత్యేకమైన పాత్ర లేదు.

ఇదంతా పాత కాగితాల గొడవ అనుకునే మిత్రులు 2020 డిసెంబరు 21న తక్కెళ్లపాడులో మొదలైన రీసర్వేను తలుచుకోవాలి. దాదాపు నూరేళ్ల తరువాత ఆంధ్రప్రదేశ్ భూములన్నీ మళ్లీ కొలవడం ప్రారంభమైంది. కొలవడం తప్పని నేననను. పాత హద్దులు చెరిగిపోయి రైతులు కోర్టుల చుట్టూ తిరుగుతున్న మాట నిజం. కాని దానితోపాటే భూమి హక్కుల చట్టం వచ్చింది. హక్కుల రిజిస్టరులో ఒక పేరు ఎక్కి, రెండేళ్లలో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఆ పేరే తిరుగులేనిదట. తగాదా వస్తే వూరి దగ్గరి సివిలు కోర్టుకు పోవడానికి లేదు, అధికారి దగ్గరికీ ఆ పైన హైకోర్టుకూ పోవాలి. న్యాయవాదులు రోజుల తరబడి విధులు మాని ఆందోళన చేశారు. 2024లో ప్రభుత్వం మారింది, చట్టం రద్దయింది. రీసర్వే కొంత ఆగి మళ్లీ సాగుతున్నది. పాసుపుస్తకం మీద ఎవరి బొమ్మ వుండాలన్న దానిమీద రెండు పార్టీలూ చేసినంత చర్చ, నోటీసు వచ్చిన రోజున రైతు వూళ్లో వుంటాడా అన్నదాని మీద చెయ్యలేదు. గుంటూరులో మిరపకాయలు కోస్తున్నవాడికి కోసిగిలో పాతుతున్న రాయి ఎట్లా కనిపిస్తుంది? అభ్యంతరం ఎవరు చెబుతారు? కౌలు రైతు పేరు ఏ గడిలో రాస్తారు?

అందుచేత రైతుసంఘాల కార్యకర్తలకూ, పల్లెల నుంచి వచ్చిన విద్యార్థులకూ నా సూచన యిది: సుగ్గికి పోయినవాళ్లు సంక్రాంతికో, ఉగాదికో తిరిగివచ్చే రోజులలోనే గ్రామసభ జరపాలనీ, కొత్త అడంగల్ను తెలుగులో చదివి వినిపించాలనీ, కౌలుదారునీ, విడుదల దస్తావేజు రాసిచ్చిన కూతుళ్లనూ పిలిచి అడగాలనీ మండల కచేరీలలో అర్జీలు పెట్టండి. ఆ పని చూసే శాఖ పేరు యివాళ్టికీ సర్వే, సెటిల్మెంట్లు, భూరికార్డుల శాఖ. సర్వేకు తెలుగులో కొలత వుంది, రికార్డుకు దస్తరం వుంది. నడిమి మాటకు యిన్నేళ్లలో ఏ పరిభాషా సంఘమూ తెలుగు కట్టలేదు. కోసిగి గ్రామసభలో అడిగి చూడండి, వాళ్లు కడతారు.